ఆదివారం ఫుట్‌బాల్: ముందు డబ్బు కట్టినవారికే చోటా, వచ్చినవారందరికీనా?

కంటోన్మెంట్ వింగర్:
విజయనగరంలో మేము ప్రతి ఆదివారం ఉదయం 6 గంటలకు టర్ఫ్ (అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) మీద జట్టుకు ఐదుగురు చొప్పున ఆడుతున్నాము. గంట అద్దె 1000 రూపాయలు కాబట్టి పదిమంది వస్తే తలకు వంద పడుతుంది. అయితే వస్తామని వాట్సాప్‌లో మాట ఇచ్చిన ముగ్గురు రాకపోతే మిగిలినవారు తలా 143 రూపాయలు కట్టడమే కాక, ముగ్గురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడి ఆటను పాడు చేసుకోవలసి వస్తున్నది. శనివారం రాత్రి 9 లోగా ఫోన్‌పేలో డబ్బు పంపిన మొదటి పదిమందికే చోటు ఇవ్వాలని నా ప్రతిపాదన.

తోటపాలెం పెద్దాయన:
అయోధ్యా మైదానంలో మేము రెండు ఇటుకలు పెట్టి ఆడుకున్న రోజుల్లో ఆలస్యంగా వచ్చినవాడు కూడా ఏదో ఒక జట్టులో కలిసేవాడు. రైల్వేలోనో ఆసుపత్రిలోనో రాత్రి డ్యూటీ చేసేవారికి మరునాడు ఎన్నింటికి దిగుతారో శనివారం తెలియదు. వారిని గేటు దగ్గర నిలబెట్టడం న్యాయం కాదు.

దాసన్నపేట:
డబ్బు కట్టాక వాన పడితే ఏం చేస్తారో కూడా రాయండి.

కంటోన్మెంట్ వింగర్:
వచ్చే వారానికి జమ వేస్తాము. పెద్దాయన గారూ, ఇటుకలకు అద్దె లేదు, టర్ఫ్‌కు ఉంది. పదకొండో మనిషి వస్తే ఎక్కడ నిలబడాలో చెప్పండి.

తోటపాలెం పెద్దాయన:
జట్టుకు ఐదుగురు ఆడే ఫుట్సాల్ అనే చిన్న ఫుట్‌బాల్ నియమాల్లోనే ఆటగాళ్ల మార్పిడికి పరిమితి లేదు, బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు. పద్నాలుగు మంది వచ్చినా జట్టుకు ఏడుగురిని పెట్టుకుని ఇద్దరిద్దరిని మారుస్తూ పోతే ఒక్కొక్కరికి దాదాపు 43 నిమిషాల ఆట దక్కుతుంది, ఖర్చు 72 రూపాయలకు దిగుతుంది. మీరు బాధపడుతున్నది అద్దె గురించే అయితే ఇంతకన్నా మేలైన దారి లేదు.

కంటోన్మెంట్ వింగర్:
ఆట మధ్యలో గడియారం ఎవరు చూస్తారు? ఊపు మీద ఉన్నవాడిని బయటికి రమ్మంటే ఆట తెగిపోతుంది.

గాజులరేగ గోల్‌కీపర్:
నేను ప్రతి వారం అందరికన్నా ముందే డబ్బు పంపుతున్నాను. అయినా కొత్తవాడినని గంటసేపూ గోల్‌లోనే నిలబెడుతున్నారు. గ్లవ్స్ లేకుండా ఒక షాట్ ఆపబోయి ఎడమచేతి చిటికెన వేలు వాచింది, ఇప్పటికీ పూర్తిగా మడవలేకపోతున్నాను. ఆ దెబ్బ తగిలాక కూడా ఎవరూ వచ్చి నా చోట నిలబడలేదు. డబ్బు కట్టినవారికే చోటు అంటున్నారు సరే, ఆ చోటు ఎక్కడో ఎవరు నిర్ణయిస్తారు?

కంటోన్మెంట్ వింగర్:
మిమ్మల్ని డిఫెన్స్‌లో పెట్టిన ఒక్కనాడు వరుసగా మూడు గోల్స్ తిన్నాము. ఆట రానివారికి నేర్పడానికి నేను తెల్లవారుజామున లేవడం లేదు.

తోటపాలెం పెద్దాయన:
ఇంతసేపూ అద్దె అన్నారు, ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీకు కావలసింది ఎవరో ఒక పదిమంది కాదు, మీరు ఏరుకున్న పదిమంది. అటువంటి జట్టును మరో రోజున కట్టుకుని పోటీలకు వెళ్లండి, సంతోషిస్తాము. ఆదివారం ఆట మాత్రం చెమట పట్టాలని వచ్చే గుమాస్తాకూ కాలేజీ కుర్రాడికీ కూడా దక్కాలి.

కంటోన్మెంట్ వింగర్:
మరో రోజు నాకు ఎక్కడిది? కాలేజీ జట్టులో రోజూ ఆడినవాడిని. ఉద్యోగంలో చేరాక వారానికి ఈ ఒక్క గంటే మిగిలింది. ఆ గంటలోనైనా నేను ఇచ్చిన పాస్ తిరిగి నా కాలి దగ్గరకు రావాలని కోరుకోవడం తప్పెలా అవుతుందో మీరు చెప్పాలి.

దాసన్నపేట:
ముందు గోల్‌లో ఎనిమిది నిమిషాలకు ఒకరి చొప్పున వంతులు వేయండి. మిగతాది తరువాత తేల్చుకోవచ్చు.

గాజులరేగ గోల్‌కీపర్:
వంతులు వేస్తే శనివారం డబ్బు పంపుతాను, లేకపోతే జాబితాలో నా పేరు తీసివేయండి.

కంటోన్మెంట్ వింగర్:
వంతులకు ఒప్పుకుంటాను. పదిమందికి మించి మాత్రం ఒప్పుకోను.

తోటపాలెం పెద్దాయన:
ఆదివారం నేనూ, రాత్రి డ్యూటీ దిగి వచ్చే మా మేనల్లుడూ టర్ఫ్ దగ్గరకు వస్తాము. మా ఇద్దరి వాటా అక్కడే ఇస్తాము, గడియారం నేను చూస్తాను.