‘బంగారు దారం’ కాదు, ‘బంగారు పోగు’ అనాలేమో

ప్రశ్న: నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అనే సూత్రాన్ని ‘బంగారు దారం’ అని రాస్తున్నారు. దారం ఎందుకొచ్చిందండీ అందులోకి?

జవాబు: నేత నుంచి వచ్చిందండీ. 1935లో బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి పై కోర్టు కూడా అదే) ఇచ్చిన వూల్మింగ్టన్ తీర్పులో లార్డ్ శాంకీ అన్నమాట. ఇంగ్లండు నేర న్యాయం అనే బట్టంతటా ఒక బంగారు పోగు కనిపిస్తూనే ఉంటుంది, ముద్దాయి తప్పు చేశాడని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే అని భావం. ఆయన వాడిన ‘వెబ్’ని సాలెగూడు అనుకుంటే అర్థం తిరగబడుతుంది. పైగా పడుగూ పేకా ఉన్న భాష మనది, బట్టలో కలిసిపోయినదాన్ని పోగంటాం, దారమంటే నాకైతే సూదీ పూలదండే గుర్తొస్తాయి.

ఇక కేసు. వూల్మింగ్టన్‌కి 21 ఏళ్లు, పొలం పనిచేసేవాడు. పుట్టింటికి వెళ్లిపోయిన 17 ఏళ్ల భార్య అతని చేతిలోని తుపాకీ పేలి చనిపోయింది. తిరిగి రాకపోతే తననే కాల్చుకుంటానని బెదిరించడానికి తెచ్చాననీ పొరపాటున పేలిందనీ చెప్పాడు. మొదటి జూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. రెండో విచారణలో జస్టిస్ స్విఫ్ట్ జూరీకి ఏం చెప్పాడంటే, ఆమె ఇతని చేతిలో చనిపోయిందని తేలితే చాలు, అది హత్యే అనుకోవాలి, కాదని చూపించుకోవాల్సింది ఇతనే అని. ఉరిశిక్ష పడింది. అతని అప్పీలుని అప్పీలు కోర్టు కొట్టేసింది, హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం శిక్ష రద్దు చేసింది. అతను చెప్పింది నిజమని లార్డ్స్ తేల్చలేదు. జూరీకి సరిగ్గా చెప్పి ఉంటే కూడా ఇదే తీర్పు తప్పక వచ్చేదని అనలేం అన్నారు, అంతే, ఉరి తప్పడానికి అది సరిపోయింది.

ఇంకొకరు: మరి ‘మిస్‌డైరెక్షన్’ని ‘తప్పుదోవ పట్టించడం’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. ఆ మాటలో కావాలని మోసం చేశాడనే ధ్వని ఉంది. స్విఫ్ట్ కావాలని చేయలేదు, పాత పుస్తకాల్లో ఉన్న సూత్రమే చెప్పాడు. ‘జూరీకి చట్టం తప్పుగా చెప్పడం’ అంటే పొడుగైనా ఎవరికీ అన్యాయం జరగదు.

మన దగ్గర ఇది బాగా నలిగింది నానావతి కేసులో, అంటే భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడని నేవీ అధికారి నానావతి మీద నడిచిన కేసులో. అక్కడ జూరీ 8–1తో నిర్దోషి అంది, సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, జూరీకి చట్టం తప్పుగా చెప్పారని హైకోర్టు పట్టుకుని శిక్ష వేసింది. 1961లో దాన్ని ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారే. పెనుగులాటలో తుపాకీ పేలిందనే వాదన ఇక్కడా ఉంది, కానీ ప్రమాదం లాంటి మినహాయింపు కోరితే ఆ పరిస్థితులు చూపించాల్సింది నిందితుడే అనేది 2024 దాకా అమల్లో ఉన్న మన పాత సాక్ష్య చట్టం 105వ సెక్షన్. అయినా నేరం రుజువు చేసే భారం ప్రాసిక్యూషన్ మీద నుంచి దిగదని ఆయన విడమరిచి రాశారు. పోగు మనదగ్గరా ఉంది, నేతే కాస్త వేరు.

మొదటి వారు: అయితే ఇకమీదట పోగే రాస్తానండీ. జరీ పోగు అంటే మరీ ఎక్కువవుతుందేమో!