పెరటి తామర కొలనులో మడ్డి: వ్యాక్యూమ్‌తో తీయొచ్చా?

పెరటికొలను_మేడ్చల్

అందరికీ నమస్కారం. పెరట్లో సిమెంటు కొలను ఉంది. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. నేలలోకి తవ్వి కట్టింది, గట్టు నేల మీదికి నాలుగంగుళాలే ఉంటుంది. రెండు తామర టబ్బులు, ఒక కలువ టబ్బు, పది గోల్డ్‌ఫిష్‌లు, లెక్కలేనన్ని గప్పీలు ఉన్నాయి. పక్కనే వేపచెట్టు. అడుగున మూడంగుళాల నల్ల మడ్డి పేరుకుంది. కర్రతో కదిపితే బుడగలు వస్తున్నాయి, కుళ్ళిన గుడ్డు వాసన.

ఇంట్లో 1400 వాట్ల వెట్ అండ్ డ్రై వ్యాక్యూమ్ ఉంది, ట్యాంకు 21 లీటర్లు. దీంతో ఈ మడ్డి తీయొచ్చా? లేక నీళ్ళన్నీ తోడేసి కడగడమే మేలా? అమెరికాలో ఉన్న బావగారు కొలనుల కోసమే చేసిన వ్యాక్యూమ్ ఒకటి తెస్తానంటున్నారు. తెప్పించుకోవడం మంచిదేనా? కొలను పక్క ప్లగ్ పాయింటు కూడా వంటింటి లైన్లోదే, అదొక భయం.

నీటితోట_కడియం

నీళ్ళన్నీ తోడేసి బ్రష్షుతో కడగొద్దండి. గోడలకు పొట్టిగా, మెత్తగా అంటుకుని ఉండే పచ్చపాచిలోనూ, ఫిల్టర్ స్పాంజిలోనూ ఉండే బాక్టీరియానే చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియాను మార్చి, నీటిని బతికించేది. దాన్ని గీకి పారేసి కొత్త నీళ్ళు నింపితే ముందు అమ్మోనియా పెరుగుతుంది, కొద్దిరోజులకే నీళ్ళు పచ్చగా చిక్కబడతాయి. తీయాల్సింది అడుగు మడ్డినే, గోడ పాచిని కాదు.

ముందు లెక్క చూసుకోండి. మీ కొలను 96 ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,700 లీటర్లు. టబ్బులు ఆక్రమించింది తీసేస్తే 2,500 అనుకుందాం. ఒక్క రోజులో అందులో అయిదో వంతు, అంటే 500 లీటర్లకు మించి నీళ్ళు బయటికి పోకూడదు. ఇక మడ్డి: 48 చదరపుటడుగుల అడుగున మూడంగుళాలంటే 12 ఘనపుటడుగులు, సుమారు 340 లీటర్లు. ఏ వ్యాక్యూమూ మడ్డినొక్కదాన్నే లాగదు. ఒక పాలు మడ్డితో రెండు పాళ్ళ నీళ్ళు వస్తాయి. మొత్తం వెయ్యి లీటర్లు దాటుతుంది. కాబట్టి ఇది ఒక రోజు పని కాదు. అడుగును మూడు భాగాలుగా అనుకుని, ఒక్కో భాగానికీ మధ్య వారం పది రోజుల ఎడం ఇవ్వండి.

ఎడం ఎందుకంటే, మీరు చెప్పిన ఆ గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మడ్డి అడుగు పొరల్లోకి గాలి వెళ్ళదు. అక్కడ కుళ్ళినదంతా అలాగే నిలవుంటుంది. ఒక్కసారిగా కలియబెడితే ఆ వాయువూ, అమ్మోనియా పైకొస్తాయి. కదిలిన మడ్డి నీటిలోని ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే అదే జరుగుతోందని గుర్తు. వెంటనే ఆపేసి, నీటిలోకి బుడగలు వదిలే గాలి పంపు పెంచాలి.

కాలం విషయానికొస్తే, వేప ఆకు రాల్చడం అయిపోయాక, ఎండలు ముదరకముందు, అంటే మార్చి నెల మీకు సరైనది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెలలో మడ్డి కదిపితే చేపలకు ఊపిరాడే అవకాశం అప్పటికే తగ్గి ఉంటుంది. అలాగని తెల్లవారుజామున కూడా మొదలుపెట్టకండి. రాత్రంతా మొక్కలూ పాచీ కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి కాబట్టి ఆ వేళకే నీటిలో అది అతి తక్కువ. ఎండ పడ్డాక తొమ్మిదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించండి.

పని వరుస ఇది. ముందురోజు చేపలకు మేత వేయకండి. ఆ రోజు పొద్దున ఫౌంటెన్ పంపు గంట ముందే ఆపేస్తే మడ్డి కిందికి దిగుతుంది. గాలి పంపు మాత్రం ఆపొద్దు, దాని గొట్టం కొసన బుడగలు వదిలే రాయిని అడుగు నుంచి ఎత్తి నీటి మధ్యలో వేలాడదీయండి. పైన తేలే ఆకులు, పుల్లలు జాలితో తీసేయండి. దారాల్లా ఉండే నాచును కర్రకు చుట్టి లాగేయండి. ఇవి గొట్టంలోకి వెళితే మెలికపడి అక్కడే బిగుసుకుంటాయి. టబ్బులను ఒక పక్కకు జరపండి. తామర కాడలు నీటి మట్టం కింద విరగకుండా చూసుకోండి. ఆ కాడలు బోలుగా ఉంటాయి, విరిగినచోట నీళ్ళు దిగి దుంపదాకా కుళ్ళిపోతుంది.

మోటార్‌పని_విజయవాడ

మీ మెషిన్ చాలండి. లోతు గురించి దిగులు వద్దు. చాలామంది పొరపడేది ఇక్కడే: వ్యాక్యూమ్‌కు బరువయ్యేది కొలను లోతు కాదు, నీటి మట్టం నుంచి మెషిన్ నోటిదాకా ఉన్న ఎత్తు. ఇళ్ళలో వాడే వెట్ వ్యాక్యూమ్‌లు రెండు మీటర్ల ఎత్తు వరకు ఎలాగోలా లాగుతాయి. మీ దగ్గర నీళ్ళు గట్టుకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి రెండడుగులకు మించదు. మెషిన్‌ను బల్లమీద పెట్టకుండా నేలమీదే ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు పేపర్ ఫిల్టరూ, గుడ్డ సంచీ తీసేసి నల్ల ఫోమ్ తొడుగు ఒక్కటే తొడగాలి. పేపర్ ఫిల్టర్ తడిసిందంటే పని అయిపోయినట్టే. ట్యాంకులో, గొట్టంలో పాత ఫినాయిల్, సబ్బు ఏమాత్రం ఉన్నా రెండుసార్లు మంచినీళ్ళు లాగించి కడగండి. గొట్టంలోంచి కారే చుక్కలే చేపలకు విషం. పైగా నురగ లేస్తే లోపలి తేలే బంతి పైకి లేవదు, నురగ నేరుగా మోటారులోకి పోతుంది.

21 లీటర్లని రాసినా, బంతి పైకొచ్చి గాలి దారి మూసేసేసరికి లోపల 12–14 లీటర్లే ఉంటాయి. అది పావు నిమిషంలో నిండుతుంది. నిండగానే మోటారు శబ్దం సన్నబడి పైకెక్కుతుంది, లాగడం ఆగిపోతుంది. ఆ శబ్దం విన్న వెంటనే ఆపాలి. అయితే ఆపేముందు గొట్టం కొసను నీళ్ళలోంచి పైకెత్తి, గొట్టంలో ఉన్నదంతా ట్యాంకులోకి వెళ్ళేదాకా చూసి అప్పుడు స్విచ్ తీయండి. అలా కాకుండా నీళ్ళలో ఉండగానే ఆపితే గొట్టం నిండా ఉన్న బురద తిరిగి కొలనులోకే దిగి, మీరు శుభ్రం చేసిన చోటే మళ్ళీ పొగలా లేస్తుంది. ఒక రోజు వాటాకు పాతికసార్లకు పైగా ట్యాంకు ఖాళీ చేయాల్సి వస్తుంది, ప్రతిసారీ పదమూడు కిలోల బరువు. ఇద్దరుంటే మంచిది. ట్యాంకు అడుగున డ్రెయిన్ బిరడా ఉన్న మోడలైతే అంత ఎత్తిపోయాల్సిన పని ఉండదు.

నేల తుడిచే వెడల్పు నాజిల్ వాడకండి, ఆకుపుల్ల అడ్డంపడి నోరు మూసుకుపోతుంది. వట్టి పైపు కొసనే వాడండి. దానికి సరిపోయే పీవీసీ పైపు ముక్కను ఏటవాలుగా కోసి తొడిగితే అడుగుకు అతుక్కోదు. మధ్యలో అడుగు పొడవు పారదర్శకమైన గొట్టం ముక్క అతికించండి. అందులోంచి నల్లగా పోతున్నంతసేపు అక్కడే ఉంచాలి, టీ రంగుకు మారగానే కొసను జరపాలి. ఇది లేకపోతే మీరు లాగేది మడ్డో మంచినీళ్ళో తెలియదు, 500 లీటర్లు అయ్యేదీ తెలియదు.

కరెంటు సంగతి అన్నిటికంటే ముఖ్యం. ఆ ప్లగ్ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, ఉందో లేదో చూడండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు, అది వైరును కాపాడుతుంది గానీ మనిషిని కాదు. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజు పని వాయిదా వేయండి. ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. మెషిన్ కొలనుకు కనీసం రెండు మీటర్ల దూరంలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వాడితే 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు వాడండి, చుట్ట మొత్తం విప్పేయాలి, అతుకు నేలమీద కాకుండా కుర్చీమీద ఉండాలి. ఎవరైనా నీళ్ళలో చెయ్యి పెట్టేటప్పుడు ఫౌంటెన్ పంపు ప్లగ్ కూడా తీసేయండి.

అమెరికా మెషిన్ సంగతి: అక్కడిది 120 వోల్టులది. ఇక్కడి 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. 1400, 1700 వాట్ల మోటారుకు సరిపడే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలంటే దానికయ్యే ఖర్చూ, బరువూ చూసి మీరే వద్దంటారు. జర్మనీ ఓయాజ్ కంపెనీవాళ్ళ పాండోవ్యాక్ లాంటి కొలను వ్యాక్యూమ్‌లలో రెండు గదులుండే రకాలున్నాయి. ఒక గది నిండుతుంటే ఇంకొకటి వెనక గొట్టంలోంచి ఖాళీ అవుతుంది, కాబట్టి ఆగకుండా పని చేయొచ్చు. అయితే అవతల పంపు లేని రకాల్లో ఆ బురద దానంతటదే పల్లానికి జారాలి. మీ పెరట్లో కాలువ ఎత్తుమీద ఉంటే అది పనిచేయదు. ఏడాదికి ఒకసారి 2,500 లీటర్ల కొలనుకు అంత మెషిన్ అక్కర్లేదు.

చేపలతొట్టి_గుంటూరు

వ్యాక్యూమ్ అసలెందుకండీ? అంగుళం గొట్టంతో సైఫన్ పెట్టండి. కరెంటు లేదు, మోటారు లేదు, చప్పుడు లేదు. నీటిమట్టానికి అడుగు కిందికి గొట్టం రెండో కొస ఉంటే నిమిషానికి పాతిక లీటర్లు వస్తాయి. మడ్డి కూడా కదలకుండా మెత్తగా పోతుంది.

నీటితోట_కడియం

సైఫన్ నిజంగా మంచిదే, గట్టు రెండడుగులు ఎత్తు కట్టిన తొట్లకు అదే వాడాలి. కానీ ఈ కొలను నేలలో ఉంది, గట్టు నాలుగంగుళాలే. నీటిమట్టం కన్నా కిందికి కొస వెళ్ళాలంటే పెరట్లో పల్లం ఉండాలి, లేదా గొయ్యి తవ్వాలి. పల్లం ఉంటే మాత్రం మొదటి ప్రాధాన్యం సైఫన్‌కే ఇవ్వండి.

కొసను ఎలా నడపాలో చెప్పడం మరిచాను. ఇల్లు అలికేటప్పుడు చెయ్యి ఎలా ఒక వరస మీద మరో వరస పడేలా నెమ్మదిగా తిరుగుతుందో అలా. గోడ మూల నుంచి మొదలుపెట్టి మీవైపుకి రండి. గబగబా తిప్పితే మడ్డి గొట్టంలోకి వెళ్ళేలోపే పైకి లేస్తుంది, ఆ తర్వాత గంటసేపు ఏమీ కనిపించదు. అలా లేచిందంటే వదిలేసి మర్నాటికి ఉంచుకోండి. అడుగున అర అంగుళం మడ్డి మిగిలితే తప్పు లేదు, అందులోనూ పనికొచ్చే జీవులుంటాయి.

గప్పీ పిల్లలు తప్పకుండా లాగబడతాయి. కొసకు దోమతెర కడితే నిమిషంలో మూసుకుపోతుంది కాబట్టి అది పని చేయదు. దానికి బదులు ట్యాంకును నేరుగా పారబోయకుండా తెల్ల ప్లాస్టిక్ బేసిన్‌లోకి వంచి, రెండు నిమిషాలు తేరనివ్వండి. పిల్లలు పైకి వస్తాయి, టీ జాలితో తీసి కొలనులో వేయండి.

పెరటికొలను_మేడ్చల్

చాలా సంగతులు తెలిశాయండి. పల్లం లేదు, కాబట్టి వ్యాక్యూమే. రెండు సందేహాలు. తీసిన నీటిని వడగట్టి మళ్ళీ కొలనులో పోయొచ్చా? మాకు నీటి ఎద్దడి. రెండోది, తిరిగి నింపడానికి మున్సిపల్ నల్లా, బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు మూడూ ఉన్నాయి. ఏది మేలు?

బోరునీళ్ళు_కొంపల్లి

వడగట్టినా పోయొద్దండి. పాత చీర మడత మట్టిని ఆపుతుంది గానీ నీటిలో కరిగిన అమ్మోనియాను ఆపదు. నాచుకు ఎరువు మళ్ళీ మీరే పోసినట్టవుతుంది. ఆ నీళ్ళు కరివేపాకుకు, మామిడికి, అరటికి పోయండి. మడ్డిని పాదుల్లో పలచగా పరిచి పైన మట్టి కప్పితే వాసన పోతుంది, మంచి ఎరువు. చేపల జబ్బుకు కొలనులో ఉప్పు వేసి ఉంటే మాత్రం మొక్కలకు వద్దు.

నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి ఒకరోజు ఎండలో మూత తీసి ఉంచితే పోతుంది. తొందరైతే సోడియం థయోసల్ఫేట్ వాడండి, హైపో అని అమ్మే స్ఫటికాలు. మీరు ఒక రోజు తీసే దాదాపు 350 లీటర్లకు మూడు గ్రాములు సరిపోతాయి, బకెట్టులో కరిగించి వేయాలి. ఫిల్టర్ స్పాంజి కడగాల్సి వస్తే నల్లా కింద కడగకండి, కొలను నీళ్ళ బకెట్టులోనే పిండండి.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు, కానీ ఆక్సిజనూ తక్కువే. పైపును నీళ్ళలో ముంచేయకుండా షవర్ తల తగిలించి పైనుంచి చల్లండి. మన వైపు బోరు నీళ్ళు గట్టివి, పీహెచ్ 8 దాటినవి చాలా చోట్ల ఉంటాయి. పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్ళు వేడెక్కేకొద్దీ అదే అమ్మోనియా చేపలకు ఇంకా విషమవుతుంది. అందుకే మడ్డి తీసిన మర్నాడూ, మూడో రోజూ టెస్ట్ కిట్‌తో అమ్మోనియా చూడండి. రంగు మారితే మేత ఆపి, ఇంకో పదో వంతు నీళ్ళు మార్చండి. అన్నీ బాగున్నా మూడు రోజులు సగం మేతే వేయండి.

ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం అస్సలు వదలొద్దు. ఎండలో ఉన్న నల్ల ట్యాంకులోంచి, ముఖ్యంగా మేడ మీద పైపులో నిలిచినవి, చెయ్యి కాలేలా వస్తాయి. కొలనుకూ కొత్త నీటికీ తేడా రెండు మూడు డిగ్రీలు దాటకూడదు. మర్నాడు పొద్దున చేత్తో చూసి నింపండి. 350 లీటర్లు తక్కువగా ఉన్నంతమాత్రాన ఒక్క రాత్రిలో ఏమీ కాదు, మూడంగుళాలే తగ్గుతుంది.

పెరటికొలను_మేడ్చల్

అలాగేనండి. తామర టబ్బుల్లో మట్టి ఎప్పుడూ బయటికొస్తూ ఉంటుంది. అది కూడా మడ్డి పెరగడానికి కారణమా?

నీటితోట_కడియం

కారణమే. గోల్డ్‌ఫిష్‌లు టబ్బు మట్టిని నోటితో తవ్వుతూ ఉంటాయి. మార్చిలో దుంపలు విడదీసి తిరిగి నాటేటప్పుడు మట్టిపైన అంగుళం మందాన కడిగిన ముతక ఇసుక, దానిపైన చేప నోట పట్టనంత గులకరాళ్ళు పరచండి. దుంప మొలక కొస మాత్రం ఇసుక పైకి కనబడేలా వదలాలి. వేప వైపు ఫిబ్రవరి నెలంతా కొలను మీద వల కట్టండి, మడ్డిలో ఎక్కువ భాగం ఆ ఆకే.

మోటార్‌పని_విజయవాడ

పని అయ్యాక బకెట్టు మంచినీళ్ళు లాగించి గొట్టం కడిగి, ఫోమ్ తీసి నీడలో ఆరబెట్టండి. ట్యాంకు తుడిచి, వట్టి మోటారును రెండు నిమిషాలు నడిపించి తడి పోగొట్టండి. పేపర్ ఫిల్టర్ మర్నాడు, లోపలంతా పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.