అక్టోబర్ 1 ఎందుకు కాదు? ఆంధ్ర రాష్ట్ర అవతరణ దినం ఏ రోజు జరుపుకోవాలి?

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

1953లో మా నాన్నకు ఏడేళ్లు. ఆ ఏడాది అక్టోబర్ 1న, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించడానికి నెహ్రూ మా ఊరికి వస్తున్నారని మా తాత నాన్నను భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లాడట. నెహ్రూ ఏం మాట్లాడారో నాన్నకు ఒక్క ముక్క కూడా గుర్తులేదు. జనం గుర్తున్నారు, దుమ్ము గుర్తుంది. ఆ తర్వాత చాలా రోజులు ఊళ్లో ఎక్కడ చూసినా గుడారాలే ఉండేవని చెప్పేవారు. గుడారాల్లోనే ఆఫీసులు, గుడారాల్లోనే గుమాస్తాల కాపురాలు. ఇళ్లు చాలక, ఉన్న ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఉద్యోగులకు అద్దెకు ఇచ్చినవాళ్లలో మా తాత ఒకరు.

నేను ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నా సర్వీసులో ఒక్క ఏడాది కూడా అక్టోబర్ 1న బడిలో జెండా కట్టలేదు. తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన నవంబర్ 1న కట్టాం. 2014 తర్వాత కొన్నేళ్లు నవంబర్ 1 అధికారికంగా ఆగిపోయింది, జూన్ 2న నవ నిర్మాణ దీక్ష అన్నారు. 2019లో ప్రభుత్వం మారాక మళ్లీ నవంబర్ 1 వచ్చింది. ఈ గొడవలో అక్టోబర్ 1 పేరు ఎత్తినవాళ్లు తక్కువ.

పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజులు. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది. ఊళ్లు అట్టుడికాయి, కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. నాలుగు రోజులకు, డిసెంబర్ 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. ఆ మాట నిజమైన రోజు 1953 అక్టోబర్ 1. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా 11 జిల్లాలు. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ రోజే మనలో కలిశాయి. 81 ఏళ్ల ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి అయ్యారు.

ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ మ్యాపు, ఆనాటి ఆంధ్ర రాష్ట్రం మ్యాపు పక్కపక్కన పెట్టి చూడండి. ఇంచుమించు ఒకటే. మనం ఉన్న నేల ఆ రోజు పుట్టిన నేలే. మరి పుట్టినరోజు ఇంకో రోజున చేసుకోవడం ఎందుకు? ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి, వింటాను.

బాపట్ల ఆడబిడ్డ

మాస్టారూ, మీ నాన్నగారి జ్ఞాపకం చదివి మనసు నిండింది. కానీ మీ వాదన ఒప్పుకోలేను.

మా ఊళ్లో 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అది మొదలు అందరూ కోరుకున్నది తెలుగువాళ్లంతా ఒక చోట ఉండాలనే. 1953లో దొరికింది అందులో సగం. మద్రాసు పోయింది, బళ్లారి టౌను పోయింది, హైదరాబాద్ సంస్థానంలోని తెలుగువాళ్లు అవతలే ఉండిపోయారు. అప్పటి పెద్దలే దాన్ని మొదటి మెట్టు అనుకున్నారు తప్ప ఇల్లు చేరామనుకోలేదు. 1956 నవంబర్ 1న ఆ కోరిక తీరింది. ఆంధ్రప్రదేశ్ అనే పేరు కూడా ఆ రోజే వచ్చింది. ఈ రోజుకీ మన ఆధార్ మీద, బడి సర్టిఫికెట్ మీద ఉన్నది ఆ పేరే.

తర్వాత విడిపోయాం, నిజమే. అంతమాత్రాన 58 ఏళ్లు కలిసి ఉన్నది అబద్ధం అవుతుందా? ఉమ్మడి కుటుంబం వేరుపడితే ఇంటిపేరు మార్చుకుంటామా?

రాష్ట్రం విడిపోయిన జూన్ 2 మాత్రం వద్దు. అది మనకు ఏడుపు రోజు.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

అమ్మా, మంచి మాట అన్నారు. ఆ ఇంటిపేరు ఎలా వచ్చిందో ఒకసారి చూద్దాం.

1953లో పార్లమెంటు చేసిన ఆంధ్ర రాష్ట్ర చట్టంలో "ఆంధ్ర అనే రాష్ట్రం ఏర్పడుతుంది" అన్న అర్థంలోనే రాశారు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్ చదవండి. అక్కడ కొత్త రాష్ట్రం ఏర్పడుతుందని లేదు. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలను ఆంధ్ర రాష్ట్రానికి *కలుపుతారు*, ఆ ఆంధ్ర రాష్ట్రాన్ని ఇకపై ఆంధ్రప్రదేశ్ అని *పిలుస్తారు* అని ఉంది. అంటే 1956లో బిడ్డ పుట్టలేదు. ఉన్న బిడ్డకు ఆస్తి పెరిగింది, పేరు మారింది. 2014 చట్టంలో కొత్తగా ఏర్పడింది తెలంగాణ. మనం పాత రాష్ట్రంగానే మిగిలాం. చట్టం ప్రకారం చూసినా ఈ రాష్ట్రం పుట్టింది ఒక్కసారే.

పేరు పెట్టిన రోజు బారసాల అవుతుంది, పుట్టినరోజు కాదు.

ఇంకో సంగతి. క్యాలెండర్ లెక్క వేసి చూశాను. 1953 అక్టోబర్ 1, 1956 నవంబర్ 1 రెండూ గురువారాలే. దీనివల్ల ఎవరి వాదనా బలపడదు కానీ నాకు ముచ్చటగా అనిపించింది.

మూసీ నీళ్లు (నల్గొండ)

సార్, ఇది మీ ఇంటి చర్చ. అయినా నవంబర్ 1 పేరు వచ్చింది కాబట్టి ఒక మాట చెప్పాల్సిందే.

"ఆ కోరిక తీరింది" అని పై అక్క రాసింది. ఎవరి కోరిక? హైదరాబాద్ రాష్ట్రాన్ని 1961 ఎన్నికల దాకా విడిగానే ఉంచాలి, తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కలపాలి అని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ చెప్పింది. అంతదాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు ఉండాలన్నది అందులో షరతు. నవంబర్ 1న ఏర్పడిన సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రే లేరు. మొదటి రోజే మాట తప్పారు. ఆ తర్వాత ఉద్యోగాల గొడవ, 1969 తెలంగాణ ఉద్యమం, పోరగాళ్ల ప్రాణాలు. మా దగ్గర నవంబర్ 1ని విద్రోహ దినంగా పాటించినవాళ్లలో మా బాపు ఒకరు. ఆ రోజు ఆయన చొక్కాకు నల్ల రిబ్బన్ పెట్టుకుని డ్యూటీకి పోయేవాడు.

కలిసున్నది అబద్ధం అని నేను అనను. మా చెల్లెను మచిలీపట్నం ఇచ్చినం, మంచిగ ఉంది. కానీ మేము లేని రాష్ట్రం, మేము కలిసిన రోజును పండుగగా చేసుకుంటుంటే చూడటానికి కష్టంగా ఉంటుంది. మాస్టారు చెప్పిన రోజుతో మాకు ఏ పేచీ లేదు. ఆ రోజు మీరు పండుగ చేసుకుంటే మేమూ మనస్ఫూర్తిగా శుభాకాంక్షలు చెప్పగలం.

విశాఖ కెరటం

అందరూ చరిత్ర మాట్లాడుతున్నారు, నాకు టెన్షన్ వేరే ఉంది. అక్టోబర్ 1 అంటే కర్నూలు, కర్నూలు అంటే రాజధాని. ఆ తేదీ అధికారికం చేసిన మర్నాడే మళ్లీ రాజధాని ఎక్కడ అన్న గొడవ మొదలవుతుంది. పదేళ్లకు పైగా దాంతోనే నలిగిపోయాం. మా పిల్లలు ఉద్యోగాలకు బెంగళూరు, హైదరాబాద్ పోతున్నారు. తేదీ కోసం ఇంకో పుండు రేపడం అవసరమా? నవంబర్ 1కి అందరూ అలవాటు పడ్డారు, అలాగే ఉండనివ్వండి.

చిత్రావతి (అనంతపురం)

విశాఖ తమ్ముడూ, పుండు ఉన్నచోట నొప్పి తెలియకుండా దాచితే మానుతుందా?

అక్టోబర్ 1 వెనక 1937 నవంబర్ 16 ఉంది. ఆ రోజు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో సీమవాళ్లు కోరుకోవచ్చు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో సీమకు, నెల్లూరుకు ముందు చోటు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం. ఆ మాట నమ్మే మా పెద్దలు ఆంధ్ర రాష్ట్రం కావాలన్నారు. లేకపోతే మద్రాసుతోనే ఉండేవాళ్లు. అందుకే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. అన్నదమ్ములు పంచుకున్నట్టు పంచుకున్నారు.

మూడేళ్ల ఒక నెలకు రెండూ హైదరాబాద్ వెళ్లిపోయాయి. ఎవరూ మమ్మల్ని కూర్చోబెట్టి అడగలేదు.

నాకు రాజధాని మీద ఆశ లేదు, నిజంగా లేదు. కానీ నవంబర్ 1న సంబరం చేస్తుంటే మా ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కర్నూలు ఖాళీ అయిన సంగతే. అక్టోబర్ 1న చేస్తే కనీసం ఒప్పందం గుర్తొస్తుంది. నీళ్ల సంగతి ఏమైంది అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా.

రాయపేట తెలుగు (చెన్నై)

పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచిన ఇల్లు ఉన్న రోడ్డుకు దగ్గర్లోనే ఉంటాను. అక్కడి స్మారక భవనానికి ఏడాదికి రెండుసార్లు వెళ్తాను. మరీ ఎక్కువమంది కనబడరు.

తమిళనాడులోనూ ఇదే చర్చ జరిగింది. అక్కడా కొన్నాళ్లు నవంబర్ 1నే రాష్ట్ర దినంగా జరిపారు. అది సరిహద్దుల కోసం కొట్లాడిన రోజులను గుర్తుచేస్తుంది కానీ తమిళనాడు అనే పేరును కాదు అన్న వాదన వచ్చింది. 2021లో ప్రభుత్వం తేదీని జూలై 18కి మార్చింది. 1967లో ఆ రోజున అన్నాదురై ప్రభుత్వం రాష్ట్రం పేరు మార్చాలని శాసనసభలో తీర్మానం చేసింది. అంటే వాళ్లు పేరునే పట్టుకున్నారు. బాపట్ల అమ్మాయి వాదనకు ఇది బలమే. తేదీ మార్చినంత మాత్రాన రాష్ట్రం తగలబడదు అన్నది విశాఖ బాబుకు నా సమాధానం.

నా మట్టుకు నాకు డిసెంబర్ 15 చాలు. ఆ రోజు అందరూ ఒక్క పూట తలుచుకుంటే చాలు.

సత్యవేడు వాసి

మాస్టారూ, "మ్యాపు ఇంచుమించు ఒకటే" అన్నారు. ఆ ఇంచుమించులో మేం ఉన్నాం. 1953లోనూ 1956లోనూ మా సత్యవేడు మద్రాసు రాష్ట్రం చెంగల్పట్టు జిల్లాలోనే ఉంది. సరిహద్దుల మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పుతో 1960 ఏప్రిల్ 1న మేం ఆంధ్రలోకి వచ్చాం, తిరుత్తణి అటు పోయింది. మా తాతకు రెండు తేదీలూ పట్టేవి కావు. "మనం ఏప్రిల్ ఒకటిన వచ్చినోళ్లం" అనేవాడు. నాకు అక్టోబర్ 1 అయినా అభ్యంతరం లేదు, కానీ పుస్తకంలో మా తేదీ కూడా ఒక లైను ఉండాలి.

శబరి గోదారి (కుక్కునూరు మండలం)

సత్యవేడు అన్నా, మాదీ అదే కథ, ఇంకొంచెం ఎక్కువ.

1953 అక్టోబర్ 1న మా తాతలు నైజాం పోయాక మిగిలిన హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నారు. విచిత్రం ఏంటంటే, వరంగల్ జిల్లాను చీల్చి ఖమ్మం జిల్లా చేసింది కూడా సరిగ్గా ఆ రోజే. కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం పుడుతుంటే మాకు కొత్త జిల్లా పుట్టింది. 1956లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాం. 2014లో పోలవరం ముంపు కింద ఏడు మండలాల లెక్కలో ఇటు వచ్చాం. గోదారి అవతల చింతూరు, కూనవరం వాళ్లయితే 1953లో తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మానికి పోయారు, 2014లో మళ్లీ వెనక్కి వచ్చారు.

ఇప్పుడు మావాళ్లు చాలామంది పునరావాస కాలనీల్లో ఉన్నారు. నవంబర్ 1 ఒక్కటే మేము కూడా ఉన్న తేదీ. దాన్ని తీసేస్తే, ఈ ప్రాజెక్టు కోసం ఊళ్లు వదిలినవాళ్లే పుట్టినరోజులో ఉండరు. మాస్టారూ, మీ మీద కోపంతో కాదు, ఇది మీకు తెలియాలని చెబుతున్నా.

బాపట్ల ఆడబిడ్డ

నల్గొండ అన్నయ్య రాసింది చదివాక రాత్రి చాలాసేపు ఆలోచించాను. నల్ల రిబ్బన్ సంగతి నాకు ఇంతవరకు తెలియదు. మా బడిలో ఎవరూ చెప్పలేదు. నవంబర్ 1 మీద నా అభిమానం పోలేదు, పోదు కూడా. కానీ కుక్కునూరు అన్నయ్య చెప్పిన కారణం నా కారణం కంటే గట్టిది. నవంబర్ 1 ఉంచాలంటే ఆ కారణంతో ఉంచాలి.

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు)

కుక్కునూరు తమ్ముడూ, ఈ వాదనకు జవాబు నా దగ్గర లేదు. చట్టం సెక్షన్లు చదివాను కానీ మీ మండలం సంగతి నాకు తట్టలేదు. సోషల్ మాస్టారుగా అది నా తప్పే.

రాష్ట్రం పుట్టింది అక్టోబర్ 1నే అన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. సెలవు, సభ, జెండా ఏ రోజన్నది ప్రభుత్వం ఇష్టం. బళ్లో మాత్రం ఆ రోజును చెప్పకుండా వదలడం ఒప్పుకోను. విశాఖ బాబుకు భయం వద్దు. కర్నూలుకు రాజధాని కావాలని ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను.

మా వీధి బడిలో హెడ్మాస్టరు నా శిష్యుడే. వచ్చే అక్టోబర్ 1న ఎనిమిదో తరగతి పిల్లలతో ఒక పెద్ద మ్యాపు గీయిస్తున్నాను. 1953 నేలకు ఒక రంగు, సత్యవేడుకు 1960 అని వేరే రంగు. మీ మండలాలకు ఏ రంగు వేయాలో, ఏ ఏడాది రాయాలో మీరే చెప్పండి.

శబరి గోదారి (కుక్కునూరు మండలం)

గోదారికి కుడివైపు కుక్కునూరు, వేలేరుపాడుకు ఒక రంగు వేసి 1956, 2014 రెండూ రాయించండి. ఎడమవైపు చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురానికి మీ 1953 రంగే వేసి, దాని మీద 1959, 2014 రాయించండి. భద్రాచలం టౌను తెలంగాణలోనే ఉండిపోయింది, అక్కడ రంగు ఆపమని పిల్లలకు చెప్పండి. మ్యాపు పూర్తయ్యాక ఫోటో పెట్టండి సార్, మా కాలనీ బడిలో కూడా గీయిస్తాను.