ఆర్డర్లు వాట్సాప్‌లో మునిగిపోతున్నాయి. బెంగళూరులో చిన్న వ్యాపారాలవాళ్ళు ఏం వాడుతున్నారు?

పచ్చడిజాడీ (మారతహళ్ళి)
అందరికీ నమస్కారం. ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నాను. మొదట మా అపార్ట్‌మెంట్ వరకే. ఇప్పుడు వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం దాకా వెళ్తున్నాయి. నెలకు 40 దాకా ఆర్డర్లు ఉంటాయి. అన్నీ నా సొంత వాట్సాప్‌కే రావడంతో చిక్కొచ్చి పడింది. స్కూల్ గ్రూపు, పెద్దత్తయ్య గుడ్ మార్నింగ్‌ల కింద ఆర్డర్లు ఎక్కడికో పోతున్నాయి. పోయిన వారం ఒకాయన అరకిలో గోంగూర అడిగితే నాలుగు రోజులు చూడనే లేదు. ఆయన ఏమీ అనలేదు, కానీ మళ్ళీ అడగనూ లేదు. ఒకరేమో వెబ్‌సైట్ చేయించుకోండి, 35 వేలు అవుతుంది అంటున్నారు. నిజంగా కావాలా? మీరు ఏం వాడుతున్నారో చెప్పండి. డబ్బులు పెట్టి బోల్తా పడ్డవి కూడా చెప్పండి, నాకు అవే ఎక్కువ అవసరం.

బీటీఎం_టైలర్
వెబ్‌సైట్ ఇప్పుడే వద్దక్కా. ముందు వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోండి, దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. అందులో లేబుల్స్ ఉంటాయి. నేను "కొలతలు రావాలి", "కుట్టుడులో ఉంది", "డబ్బు రావాలి" అని పెట్టుకున్నాను. ఏ చాట్ ఏ రంగులో ఉందో చూస్తే పని ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇంకోటి క్విక్ రిప్లై. రోజుకు పది మంది "బ్లౌజుకు ఎంత?" అని అడుగుతారు. స్లాష్ కొట్టి ఒక చిన్న మాట రాస్తే ధరల పట్టీ మొత్తం వచ్చేస్తుంది. మీకైతే కేటలాగ్ బాగా పనికొస్తుంది. ఒక్కో పచ్చడికి ఫొటో, ధర పెట్టేస్తే వాళ్ళే చూసుకుని ఎంచుకుంటారు.

పచ్చడిజాడీ
కస్టమర్లందరి దగ్గరా నా పాత నంబరే ఉంది కదా తమ్ముడూ. కొత్త నంబర్ ఇస్తే సగం మంది పోతారని భయం.

బీటీఎం_టైలర్
పాత నంబర్‌నే బిజినెస్‌కు మార్చండి, చాట్లు కూడా దాంతోపాటే వస్తాయి. మార్చే ముందు ఒకసారి బ్యాకప్ తీసుకోండి. కొత్త సిమ్ బంధువులకు ఇవ్వండి. కస్టమర్లు మన కొత్త నంబర్ కోసం వెతకరు. బంధువులు ఎక్కడున్నా వెతికి పట్టుకుంటారు.

షీట్‌పిచ్చి
పగలు సాఫ్ట్‌వేర్, సాయంత్రం మా ఆవిడ బేకింగ్ వ్యాపారానికి కూలీ. వాట్సాప్ మాట్లాడుకోవడానికి సరే, లెక్కకు పనికిరాదు. ఎవరు ఎంత తీసుకున్నారు, ఏది ఎక్కువ పోతోంది అన్నది ఒక షీట్‌లో ఉండాల్సిందే. నేను మొదట గూగుల్ ఫారం చేసి కస్టమర్లకు లింక్ పంపాను. ఒక్కరూ నింపలేదు. "అదంతా నాకెందుకు బాబూ, ఒక కేకు ఇయ్యి" అన్నారు ఒక పెద్దావిడ. నిజమే కదా!

తర్వాత తిరగేశాం. ఫారం లింక్‌ను మా ఆవిడ ఫోన్‌లో హోమ్ స్క్రీన్ మీద పెట్టాను. ఆర్డర్ రాగానే తనే నింపుతుంది: పేరు, ఏం కావాలి, ఎంత, ఏ రోజుకు, ఏ ఊరు, డబ్బు వచ్చిందా. 20 సెకన్ల పని. అది నేరుగా గూగుల్ షీట్‌లో ఒక వరుసగా పడుతుంది. రెండు నెలల తర్వాత చూస్తే, ఎంతో కష్టపడి చేసే ప్లమ్ కేకు కంటే మామూలు కొబ్బరి బిస్కెట్ల మీదే ఎక్కువ మిగులుతోందని తెలిసింది. ఇంట్లో ఆ రోజు కాస్త మౌనం.

చిక్‌పేట_బాబాయ్
నేను చీరల హోల్‌సేల్. 30 ఏళ్ళుగా ఎర్ర పుస్తకమే. మా అబ్బాయి ఫోన్‌లో ఖాతా యాప్ పెట్టాడు. బాకీలు బాగానే తేలాయి, కాదనను. కానీ ఆటోమేటిక్ రిమైండర్ ఆన్ చేసి వదిలేశాడు. ఉగాది పొద్దున్నే, పదిహేనేళ్ళుగా సరుకు తీసుకుంటున్న మనిషికి "మీరు 18,400 చెల్లించాలి" అని మెసేజ్ పోయింది. ఆయన మధ్యాహ్నానికల్లా డబ్బు పంపాడు, సాయంత్రం ఫోన్ చేసి "పండగ పూట అడగాల్సినంత దిగజారామా?" అన్నాడు. నాకున్నన్ని బాకీలు నీకుండవులే అమ్మా, కానీ ఏ యాప్ పెట్టుకున్నా రిమైండర్లు మాత్రం నీ చేతిలోనే ఉంచుకో.

ఎస్పీరోడ్డు_వైరు
బోల్తా పడ్డవి అడిగారు కదా, ఇదిగో నాది. షాపు స్టిక్కర్ల మీద క్యూఆర్ వేయిద్దామని "ఫ్రీ" అని ఉన్న ఒక సైట్‌లో చేశాను. 500 స్టిక్కర్లు ప్రింట్ చేయించాను. రెండు వారాలకు స్కాన్ చేస్తే మా పేజీ బదులు "ప్లాన్ కొనండి" అని వస్తోంది. 500 చెత్తబుట్టలోకి.

తర్వాత తెలిసింది. క్యూఆర్ రెండు రకాలు. స్టాటిక్ దాంట్లో మన లింకే నేరుగా ఉంటుంది, దానికి గడువు లేదు. డైనమిక్ దాంట్లో ఆ సైట్ వాళ్ళ లింక్ ఉంటుంది, అక్కడి నుంచి వాళ్ళు మన పేజీకి పంపుతారు. వాళ్ళు ఆపేస్తే మనం ఆగిపోతాం. ప్రింట్‌కు ఇచ్చే ముందు ఫోన్‌తో స్కాన్ చేసి పైన ఏ అడ్రస్ కనబడుతోందో చూడండి. మీ లింక్ కాకుండా తెలియని చిన్న లింక్ ఏదైనా కనిపిస్తే వద్దు. క్రోమ్ బ్రౌజర్‌లోనే పేజీ తెరిచి షేర్ నొక్కితే క్యూఆర్ వచ్చేస్తుంది, వేరే సైట్ అక్కర్లేదు.

అక్షరాలపురుగు
సుల్తాన్‌పేటలో డీటీపీ పని నాది. స్టిక్కర్ల మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. కాన్వా అనే డిజైన్ సైట్‌లో ఉచిత ఖాతాతోనే సీసా మీద అంటించే లేబుల్ చేసుకోవచ్చు. తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. రామభద్ర అనే ఫాంట్ లావుగా ఉంటుంది, సీసా మీద పేరుకు బాగుంటుంది. వివరాలకు మండలి ఫాంట్. ప్రింటర్‌కు పంపేటప్పుడు మాత్రం వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, అది సైజు తగ్గించి పంపుతుంది, అక్షరాలు మసకబారతాయి. పీడీఎఫ్ చేసి డాక్యుమెంట్‌గా పంపండి.

డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో కొట్టించారనుకోండి, ఆ అక్షరాలు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. కాబట్టి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే రాయించండి. కంప్యూటర్ మీద తెలుగు టైపింగ్ రాకపోతే లేఖిని సైట్ ఉంది, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. ఫోన్‌లో అయితే జీబోర్డ్‌లో మైకు నొక్కి మాట్లాడటమే.

పచ్చడిజాడీ
మైకు మా అత్తగారికి నేర్పాను! ఆవిడ గుంటూరు మాటకు అది "కొరివికారం"ను ప్రతిసారీ రెండు ముక్కలు చేస్తోంది కానీ, మిగతాదంతా బాగానే రాస్తోంది.

బీటీఎం_టైలర్
బోర్డు సంగతి కూడా చెప్పన్నా. షాపు బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని రూలు వచ్చినప్పుడు నేను మార్పించాను కదా.

అక్షరాలపురుగు
అవును, 2024లో ఆ పని మీదే రెండు నెలలు నిద్ర లేదు. మనవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. షాపు పేరు మార్చాల్సింది లిపిలోనే, అర్థంలో కాదు. మొత్తం గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో పడేస్తే పేరును కూడా అనువాదం చేసి కూర్చుంటుంది. పేరుకు "అక్షరముఖ" అనే సైట్ వాడండి. తెలుగు లిపి ఇస్తే కన్నడ లిపి ఇస్తుంది, ఉచితం. మిగతా వాక్యానికి ట్రాన్స్‌లేట్ సరే, కానీ చివర్లో పక్క షాపు కన్నడ మనిషికి ఒకసారి చూపించాల్సిందే. మన టైలర్ గారి బోర్డు మీద "ఇల్లి బ్లౌస్ హొలిదు కొడలాగువుదు" (ఇక్కడ బ్లౌజు కుట్టి ఇవ్వబడును) అని సరిగ్గా పడింది అంటే కారణం యాప్ కాదు, ఎదురుగా పూలమ్మే కన్నడ అజ్జి (అవ్వ). లిపి మనం కూడబలుక్కుని చదివేస్తాం, అందుకే అర్థం కూడా వచ్చేసిందనుకుంటాం.

పచ్చడిజాడీ
అర్జెంట్. ఇప్పుడే పెద్ద ఆర్డర్ వచ్చింది. 15 కిలోల ఆవకాయ, మిలిటరీ క్యాంపుకట. యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు పంపారు. అడ్వాన్స్ వేస్తామని ఒక క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటున్నారు. హిందీలో చాలా మర్యాదగా మాట్లాడారు. స్కాన్ చేయొచ్చా?

పీజీ_ఓనర్
వద్దు!! ఆగండి!!

ఎస్పీరోడ్డు_వైరు
చేయకండి అక్కా. డబ్బు మనకు రావాలంటే మనం స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. యూపీఐ పిన్‌తో డబ్బు పోతుంది కానీ రాదు.

పీజీ_ఓనర్
ఇదే మోసం మా పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్)లో వంటాయనకు జరిగింది. 200 చపాతీలు కావాలన్నారు, అదే యూనిఫాం ఫొటో. 9,000 పోయాయి. అదృష్టం కొద్దీ పిల్లల్లో ఒకడు వెంటనే 1930కి ఫోన్ చేయించాడు. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సగం వెనక్కి వచ్చింది. మీకింకా ఏమీ పోలేదు కాబట్టి, మీకు క్యూఆర్ పంపినవాళ్ళ నంబర్‌ను రిపోర్ట్ చేయండి, టెలికాం శాఖవాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో చక్షు అని ఉంటుంది, అక్కడ. ఆ సైట్‌లోనే మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూసుకోవచ్చు. నేను చూస్తే నాకు తెలియనిది ఒకటి తేలింది. పోయిన ఫోన్ బ్లాక్ చేయించేదీ అక్కడే.

ఇంకో మాట. పిల్లలు రూమ్ కోసం ఆధార్ పంపుతుంటే ఏదో ఒక పీడీఎఫ్ సైట్‌లో పెట్టి సైజు తగ్గించి పంపుతారు. అలా ఎవరి సర్వర్‌లోకో ఎందుకు? ఆధార్ సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, చివరి నాలుగు అంకెలే కనబడతాయి. నేను అదే అడుగుతున్నాను.

పచ్చడిజాడీ
బ్లాక్ చేశాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. 15 కిలోలకు మామిడికాయలు ఎక్కడ దొరుకుతాయా అని ఆ మిలిటరీ ఆయననే అడగబోయాను కూడా.

చిక్‌పేట_బాబాయ్
అందుకే అంటాను, ఈ ఫోన్ డబ్బులే వద్దు. 2025 జూలైలో చూశారుగా, యూపీఐ లెక్కలు చూసి చిన్న షాపులకు జీఎస్టీ నోటీసులు. బేకరీలు, టీ కొట్లు చాలా "నో యూపీఐ" బోర్డులు పెట్టేశాయి.

లెక్కలబ్బాయి
బాబాయ్ గారూ, మన్నించాలి. నగదు తీసుకున్నా టర్నోవర్ టర్నోవరే. యూపీఐ పన్ను పుట్టించదు, కనబడేలా చేస్తుందంతే. వస్తువులు అమ్మేవాళ్ళకు కర్ణాటకలో ఏడాదికి 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. పాలు, కూరగాయల్లాంటి పన్ను లేనివే అమ్మితే అసలు అక్కర్లేదు.

కానీ జాడీ గారూ, మీరు ఒకటి చెప్పాలి. హైదరాబాద్‌కు కొరియర్ పంపుతారా?

పచ్చడిజాడీ
పంపుతాను. ఎందుకు?

లెక్కలబ్బాయి
భయపెట్టాలని కాదు. పన్ను ఉన్న సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలి. సులభంగా ఉంటుందని కాంపోజిషన్ స్కీం (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) తీసుకుందామన్నా, అందులో ఉన్నవాళ్ళు రాష్ట్రం బయటికి అమ్మకూడదు. చెల్లెలికి ఊరికే పంపే పార్సెల్ సంగతి వేరు. ఇది చాలా మంది పచ్చళ్ళవాళ్ళకు తెలియదు. ఒకసారి దగ్గరలోని అకౌంటెంట్‌తో కూర్చోండి.

ఆహారం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఫాస్కోస్ అనే సైట్‌లో మీరే చేసుకోవచ్చు. చిన్నవాళ్ళకు ఏడాదికి 100 రూపాయల ఫీజుతో మా క్లయింట్లు తీసుకున్నారు. ఆ 14 అంకెల నంబర్ లేబుల్ మీద వేయాలి, ప్రింట్‌కు ఇచ్చే ముందే తీసుకోండి. బ్యాంకు లోను ఆలోచన ఉంటే ఉద్యం (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కూడా చేసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కూ, ఉద్యంకూ ప్రభుత్వ సైట్‌లో ఒక్క రూపాయి ఫీజు లేదు. వెతికితే ముందు వచ్చే ప్రకటనల సైట్లు అచ్చం ప్రభుత్వ సైట్లలాగే ఉండి 2,000, 3,000 గుంజుతాయి. అడ్రస్ చివర gov.in అక్షరాలు ఉన్నాయా అని చూడండి.

షీట్‌పిచ్చి
మా ఫారంలో "ఊరు" అన్న గడి ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలిసిందా! (నిజానికి డెలివరీ కోసమే పెట్టాను, క్రెడిట్ మాత్రం తీసుకుంటున్నా.)

పచ్చడిజాడీ
మూడు వారాల తర్వాత వచ్చాను. పాత నంబర్ బిజినెస్‌కు మారింది. పెద్దత్తయ్య కొత్త నంబర్‌కు మొదటి రోజే గుడ్ మార్నింగ్ పంపారు, టైలర్ తమ్ముడు చెప్పింది నిజం. ఫారం నేనే నింపుతున్నాను. ఈ మూడు వారాల్లో 31 ఆర్డర్లు, అందులో 8 హైదరాబాద్‌వి. అకౌంటెంట్ జీఎస్టీ పేపర్లు పూర్తిచేసేదాకా ఆ 8 మందిని ఆగమని చెప్పాను, ఇద్దరు అలిగారు. ఎఫ్ఎస్ఎస్ఏఐకి అప్లై చేశాను, లేబుల్ దాని కోసమే ఆగి ఉంది. వెబ్‌సైట్ ఆయనకు వద్దని చెప్పేశాను.

ఒక్క సందేహం. గూగుల్ ఖాతా నిండిపోయింది అంటోంది. నెలకు ఇంత కట్టమంటోంది. కట్టాలా?

షీట్‌పిచ్చి
ఉచితంగా వచ్చే 15 జీబీలో మెయిల్, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిసి ఉంటాయి. నిండితే మెయిల్స్ రావడం ఆగిపోతుంది, మెయిల్‌కు వచ్చే జీఎస్టీ ఓటీపీ కూడా రాదు, అశ్రద్ధ చేయకండి. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి పెద్ద వీడియోలు తీసేయండి. బ్యాకప్‌లో వీడియోలు వద్దని కూడా పెట్టొచ్చు.

పచ్చడిజాడీ
తీశాను. 6 జీబీ ఖాళీ అయింది. అన్నీ పెద్దత్తయ్యవే.

చిక్‌పేట_బాబాయ్
అమ్మా, చిక్‌పేట దాకా డెలివరీ ఉందా? గోంగూర ఒక కిలో. డబ్బు ఫోన్‌లోనే వేస్తాలే.