ఎడిన్‌బరోలో ఒక్కరోజు: పిల్లల్ని ఊలు షాపుకి తిప్పడం తప్పా?

న్యూకాసిల్ అమ్మ:
శనివారం రైల్లో ఎడిన్‌బరో వెళ్తున్నాం. మా ఆయన, పదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్య. పొద్దున ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం, మధ్యాహ్నం ఊలు షాపు అనుకున్నాను. "అందరం కలిసి వెళ్ళే రోజు నీ ఊలుకి గంటన్నరా? కోట చూద్దాం" అంటున్నారు ఈయన. మీరేమంటారు?

గోదారిగట్టు:
నేను మీ ఆయన వైపే. చిన్నప్పుడు మా అమ్మ చీరలు ఎంచుకుంటుంటే ఆకలితో, నిద్రతో గోడకి ఆనుకుని కూర్చున్న మధ్యాహ్నాలు నాకింకా గుర్తే. ఐదేళ్ళవాడిని "ముట్టుకోకు" అంటూ గంటన్నర ఆపడం వాడికీ శిక్షే, మీకూ టెన్షనే. ఊలు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదండీ.

అల్లికసూది:
ఆన్‌లైన్ మాట మాత్రం ఒప్పుకోను. ఊలు చేత్తో పట్టుకుని కొనాల్సిన వస్తువు. నేను స్క్రీన్ మీద కుంకుమరంగు చూసి తెప్పించుకుంటే ఇటుకరంగు వచ్చింది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల ఊలైతే వేళ్ళకి కాస్త గరుకుగా తగులుతుంది. ఆ గరుకుతనం వల్లే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వరుసకి రెండు రంగులతో అల్లే ఫెయిర్ ఐల్ పనికి అదే బలం.

అసలు మ్యూజియం, ఊలు వేర్వేరని ఎందుకనుకుంటున్నారు? ఆ మ్యూజియంలోనే డాలీ అనే గొర్రెని భద్రపరిచి ఉంచారు. ఎదిగిన గొర్రె శరీరంలోని కణం నుంచి 1996లో పుట్టించిన క్లోన్, అంటే ఆ గొర్రెకి నకలు. మా పాప ఆ అద్దాల పెట్టె దగ్గర నిలబడి "దీని ఊలుతో స్వెటర్ అల్లచ్చా?" అని అడిగింది. మధ్యాహ్నం షాపులో ఊలు చిలప చేతిలోకి తీసుకుని, ముందు వాసన చూసింది! పొద్దున గొర్రెని చూడకపోతే ఆ పని చేసేది కాదు.

ఇంకో సంగతి. 1951లో షెట్లాండ్‌లో గన్నిస్టర్ అనే చోటు దగ్గర పీట్ నేల (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేల) తవ్వుతుంటే ఓ మనిషి సమాధి బయటపడింది. పీట్‌లోని ఆమ్లానికి దేహం దాదాపు కరిగిపోయింది, ఊలు బట్టలు నిలిచాయి. రంగుల బొమ్మలు అల్లిన చిన్న డబ్బుసంచీ, అందులో మూడు నాణేలు, ఒకదాని మీద 1690. ఆ బట్టలు ఈ మ్యూజియం సేకరణలోనివే. ఆ సంచీ కథ చెప్పి షాపుకి తీసుకెళ్తే, పిల్లలకి అది అమ్మ షాపింగ్‌లా అనిపించదు. చెరో 25 గ్రాముల ఉండ వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

గోదారిగట్టు:
సంచీ సంగతి నాకు తెలియదు, బాగుంది. పాపకి సరే. బాబు విషయంలో నా మాట మారదు. ముప్పావుగంట చాలు, ఆ సేపు వాడిని వాళ్ళ నాన్న ప్రిన్సెస్ స్ట్రీట్ గార్డెన్స్‌లో పరిగెత్తనివ్వాలి. అన్నట్టు, అత్తయ్యగారిని ఎవరైనా అడిగారా? కోటకి రాళ్ళు పరిచిన ఎత్తుదారి ఎక్కాలి.

న్యూకాసిల్ అమ్మ:
అడగలేదండీ. ఇప్పుడే అడిగాను. కోట ఆ తోటలోంచి కనబడితే చాలట, మోకాళ్ళు సహకరించవట. బాబుకి టోపీ అల్లుతానన్నారు, కానీ రంగు వాడే ఎంచుకోవాలట. కాబట్టి వాడు పదినిమిషాలు షాపులోకి వస్తాడు, తర్వాత తోటకి. మా ఆయన సరేనన్నారు. సూదులు ఏ సైజు కొనాలో అల్లికసూదిగారు చెప్తారా?