200 లీటర్ల రీఫ్ ట్యాంక్‌కి ఒక పెద్ద వేవ్‌మేకరా, రెండు చిన్నవా?

నమస్కారం అండి. మా రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) 200 లీటర్లది, పొడవు 90 సెంటీమీటర్లు. జోయాంతిడ్స్, లెదర్ కోరల్, ఒక హ్యామర్ అనే పగడాలు ఉన్నాయి. వడపోసిన నీటిని తిరిగి ట్యాంక్‌లోకి పంపే రిటర్న్ పంప్ కాక, లోపల నీటిని కదిలించే వేవ్‌మేకర్ పంప్, గంటకు 3000 లీటర్లది ఒకటి నడుస్తోంది. అంటే ట్యాంక్ నీటికి 15 రెట్లు.

సమస్య రాళ్ల వెనక. అక్కడ నీరు కదలక చెత్త పేరుకుంటోంది, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర కడుతోంది. పంప్‌ని అటు తిప్పితే ధార నేరుగా హ్యామర్‌కి తగిలి అది ముడుచుకుపోతోంది. రెండు రోజులు అలా చూసేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది, మళ్లీ పాత చోటే పెట్టేశాను.

ముందుముందు ఆక్రోపోరా పగడాలు పెంచాలని ఉంది. వాటికి 30 నుంచి 50 రెట్ల ప్రవాహం కావాలంటారు కదా. వేగం తగ్గించి పెంచుకునే డీసీ పంపులు, గంటకు 4000 లీటర్లవి రెండు, చెరో పక్కన పెట్టి మార్చి మార్చి నడపాలని నా ఆలోచన. లేక వెడల్పుగా నీటిని తోసే గైర్ పంప్ ఒక్కటి చాలా? ఇసుక లేవకుండా, హ్యామర్‌కి ఇబ్బంది లేకుండా ఎంత ఎత్తులో బిగించాలి? ఇలాంటి కొలతల ట్యాంక్ నడిపినవాళ్లు దయచేసి చెప్పండి.