అప్‌డేట్: హెంప్ బ్రేస్‌లెట్ పూర్తయింది

బ్రేస్‌లెట్ అల్లడానికి హెంప్ (ఒక రకం మొక్క నార) దారం ఎంత పొడవు కత్తిరించాలి, చివర్లు ఊడకుండా ఏం చేయాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్, పని అయిపోయింది.

1 మి.మీ. దారమే వాడాను. 18 సెం.మీ. అల్లికకి పక్కన ముడులేసే రెండు పోగులూ ఒక్కోటి ఐదు రెట్లు, అంటే 90 సెం.మీ. తీసుకోమన్నారు. సరిగ్గా సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. ముడులు వేసేది ఆ రెండే కాబట్టి వాటికే అంత పొడవు కావాలి. మధ్య పోగులు కదలవు, వాటికి కట్టుకోవడానికి చివర్లు మిగిలితే చాలు.

ఒకసారి ఎడమ, ఒకసారి కుడి పోగుతో మొదలుపెడుతూ పోతే అల్లిక చదునుగా వస్తుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వేస్తే మెలి తిరుగుతుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ మెలికే ఎక్కువ నచ్చింది, రెండోది అలాగే అల్లుతున్నా.

చివర్లు కాల్చమన్నవాళ్లకి చిన్న మాట: నైలాన్‌లా ఇది కరగదు, కాలి బూడిదవుతుంది. ముడి మీద ఒక చుక్క తెల్ల జిగురు వేసి, ఆరాక కత్తిరించాను. గట్టిగానే ఉంది.

గరుకుదనం వాడేకొద్దీ తగ్గుతోంది. పూసలకి మాత్రం రంధ్రం పెద్దది చూసుకోండి, రెండు పోగులు కలిపి దూరాలి.